ఎల్‌డి50 అంకె పక్కనున్న మాటలు: రసాయనాల విషపు లెక్కలు చదవడం ఎలా?

నెలకు నాలుగైదు ఫోటోలన్నా నా ఫోన్‌కు వస్తాయి. పలమనేరు పక్క నుంచి పురుగుమందు డబ్బా లేబుల్ వస్తుంది. శ్రీసిటీలో కొత్తగా పనికి చేరిన పిల్లలు కంపెనీ వాళ్లిచ్చిన సేఫ్టీ డేటా షీట్ (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన కాగితం) పంపుతారు. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే వాళ్లు ప్రాజెక్టు పేజీ పంపుతారు. ఫోటోలు వేరైనా అడిగేది ఒకటే. ‘అన్నా, ఎలుక మీద ఎల్‌డి50 ఇంత అని ఉంది. ఇది ఎక్కువా, తక్కువా? మనకేమన్నా అవుతుందా?’ ఎల్‌డి50 అంటే పరీక్షకు పెట్టిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదు.

రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో నా పని. ఈ షీట్లు చదవడమే నా రోజువారీ పని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు నేను చదివే పద్ధతినే వరసగా రాస్తున్నాను. కెమిస్ట్రీ చదివి ఉండక్కర్లేదు. ఇంటర్ లెక్కలు వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఎవరైనా మందు మింగినా, పీల్చినా, ఒంటి మీద పోసుకున్నా ఈ పేజీ చదువుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. డబ్బానో, లేబులో ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. అంకె చూసి ‘ఇది తక్కువ విషమే, సాయంత్రం దాకా చూద్దాం’ అని ఆగవద్దు. ఇక్కడ రాసేవన్నీ ముందుజాగ్రత్త కోసం చదవాల్సిన లెక్కలు, వైద్యం కోసం కాదు.

కావలసినవి

- ఆ రసాయనం సేఫ్టీ డేటా షీట్, పూర్తిగా. మన ఫ్యాక్టరీల్లో చాలామంది ఎంఎస్‌డిఎస్ అనే అంటారు. ఇందులో 16 భాగాలుంటాయి. ఒక్క పేజీ ఫోటో సరిపోదు.
- పురుగుమందైతే డబ్బా మీది లేబుల్, దాంతో పాటు మడతపెట్టి ఇచ్చే కరపత్రం. అంగట్లో ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.
- కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్.
- వీలైతే అదే రసాయనానికి ఇంకో కంపెనీ ఇచ్చిన షీట్. చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

1. నేరుగా 11, 12 భాగాలకు వెళ్లండి, కానీ 3వ భాగం మీద వేలు పెట్టుకుని

జంతువుల మీద చేసిన పరీక్షల ఫలితాలు 11వ భాగంలో ఉంటాయి. చేపలు, తేనెటీగలు, వానపాములు, నీటి మొక్కల సంగతి 12వ భాగంలో ఉంటుంది. 3వ భాగంలో ఆ డబ్బాలో ఏయే పదార్థాలు ఎంత శాతం ఉన్నాయో రాస్తారు. అది ఎందుకంటే, 11వ భాగంలో ఇచ్చిన అంకె డబ్బాలోని మొత్తం మిశ్రమానిదా, అందులోని ఒక్క పదార్థానిదా అన్నది ముందు తేల్చుకోవాలి. శుద్ధమైన మందు అంకె వేరు, దాన్ని 17.8 శాతానికి పలచన చేసి అమ్మే ద్రావణం అంకె వేరు. కలిపిన ద్రావకమే అసలు మందు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే సందర్భాలూ ఉన్నాయి.

‘ఏటీఈ’ అని కనిపిస్తే ఆ అంకె జంతువు మీద పరీక్ష చేసి తెచ్చింది కాకపోవచ్చు. చాలాసార్లు పదార్థాల శాతాలను బట్టి లెక్కకట్టిన అంచనా అది. తప్పేమీ లేదు, కానీ అంచనా అని పక్కన రాసుకోండి.

2. లైనును ముక్కలు చేయండి

షీట్‌లో ఇలాంటి లైను ఉంటుంది: ‘ఎల్‌డి50, నోటి ద్వారా, ఎలుక: 450 మి.గ్రా./కిలో’. కాగితం మీద అయిదు గడులు గీసి ఇలా నింపండి.

- ఏం లెక్కపెట్టారు? ఎల్‌డి50
- ఎంత? 450 మి.గ్రా./కిలో
- ఏ జంతువు? ఎలుక
- ఏ దారిన ఇచ్చారు? నోటి ద్వారా
- ఎంతసేపు, ఎన్నాళ్లు? ఇక్కడ రాయలేదు, కానీ ఎల్‌డి50 అంటే సాధారణంగా ఒక్కసారి ఇచ్చిన మోతాదు

అయిదు గడులూ నిండకపోతే ఆ అంకెను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఇంత చిన్న పనికి గడులెందుకు అనిపించవచ్చు. నాకొచ్చే ఫోటోల్లో పొరపాట్లు దాదాపు అన్నీ ఈ గడుల్లో ఏదో ఒకటి చూడకపోవడం వల్ల జరిగినవే.

ఇక మొదటి గడిలో వచ్చే మాటలు. ఎల్‌డి50 అంటే పరీక్షకు పెట్టిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదు. ఈ కొలతను 1927లో ట్రెవన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తెచ్చాడు. ఎల్‌సి50 కూడా ఇలాంటిదే, కాకపోతే మోతాదు బదులు గాలిలోనో నీటిలోనో ఉన్న గాఢత. ఈసీ50 వేరు. అక్కడ చావు కాదు, ఏదో ఒక ప్రభావం సగం వాటిలో కనిపించడం లెక్క. నీటి ఈగ ఈదడం మానేయడం లాంటిది. ఎల్‌డిఎల్ఓ అంటే చావు నమోదైన అతి తక్కువ మోతాదు. అది ఎక్కడో ఒకే ఒక్క సందర్భం మీద ఆధారపడినది కూడా కావచ్చు. దాన్ని ఎల్‌డి50తో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఎక్కువమంది చేసే తప్పు: అంకె పెద్దదైతే విషం ఎక్కువనుకోవడం. ఇది తిరగబడ్డ కొలత. అంకె ఎంత చిన్నదైతే అంత ఘాటు విషం. ఎలుకకు నోటి ద్వారా మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఎల్‌డి50 సుమారు 14. మనం తినే ఉప్పుది సుమారు 3000.

3. అంకె ముందు గుర్తు, వెనక కొలమానం చూడండి

‘>2000’ అంటే రెండు వేలకు మించి అని. రెండు వేల మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు, సగం చావలేదు, అక్కడితో ఆపేశారు. అసలు అంకె 2100 కావచ్చు, 20,000 కావచ్చు. రెండు మందులకూ ‘>2000’ అని ఉంటే రెండూ సమానమని కాదు.

కొన్ని షీట్లలో ఒక్క అంకె బదులు ‘300కు పైన, 2000 లోపు’ అని ఉంటుంది. అది నిర్లక్ష్యం కాదు. పాత పద్ధతిలో ఒక్క అంకె కోసం డజన్ల కొద్దీ జంతువులను చంపేవాళ్లు. ఆ పాత పరీక్ష విధానం, ఓఈసీడీ (పరీక్షల పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) 401ని 2002లో తీసేశారు. ఇప్పటి 420, 423, 425 విధానాలకు కొద్ది జంతువులే చాలు. 423 పద్ధతిలో పరిధే వస్తుంది. నా మటుకు ఆ పరిధే నిజాయితీ గల జవాబు.

కొలమానాల దగ్గర నెమ్మదిగా వెళ్లండి.

మి.గ్రా./కిలో అంటే జంతువు ఒంటి బరువులో కిలోకు. మందులో కిలోకు కాదు. వానపాముల దగ్గర మాత్రం కిలో మట్టికి.

మి.గ్రా./లీటరు 11వ భాగంలో కనిపిస్తే లీటరు గాలికి, 12వ భాగంలో కనిపిస్తే లీటరు నీటికి. చూడ్డానికి రెండూ ఒకటే, అసలు సంబంధం లేదు.

మి.గ్రా./ఘనపు మీటరు అంటే గాలి లెక్కే, కానీ వెయ్యి రెట్లు తేడా. 1 మి.గ్రా./లీటరు అంటే 1000 మి.గ్రా./ఘనపు మీటరు. ఈ వెయ్యి మరిచిపోయి మాస్కు అవసరం లేదని రాసిన కాగితాలను నేనే సరిదిద్దాను.

పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) వస్తే ఇంకా జాగ్రత్త. గాలిలో పీపీఎం, మేతలో పీపీఎం, నీటిలో పీపీఎం అని మూడు వేర్వేరు అర్థాలున్నాయి. గాలిలో వాయువుకైతే మార్చే లెక్క ఇది: పీపీఎంను ఆ వాయువు అణుభారంతో గుణించి 24.45తో భాగిస్తే మి.గ్రా./ఘనపు మీటరు వస్తుంది.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. చిత్తూరు చుట్టుపక్కల పాల డెయిరీల్లో, మామిడి గుజ్జు యూనిట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. షీట్ తెరిస్తే ‘ఎల్‌సి50, పీల్చడం, ఎలుక, 4 గంటలు: 2000 పీపీఎం’ అని ఉంటుంది. ఒకబ్బాయి నన్ను అడిగాడు, ‘అంటే 2000 దాకా మనం తట్టుకోగలమా?’ అని. లేదు నాయనా. అది సగం ఎలుకలు చచ్చిపోయిన అంకె. మనిషి రోజూ 8 గంటలు పనిచేసే చోట సగటు పరిమితి 25 పీపీఎం. 15 నిమిషాలకైతే 35. 300 అంటే వెంటనే ప్రాణాపాయం కింద లెక్క. ఈ పని పరిమితులు షీట్‌లో 8వ భాగంలో ఉంటాయి. పనిచేసే మనిషి చూసుకోవాల్సిన అంకె అక్కడిది, 11వ భాగంలోది కాదు. ఇప్పుడు 25 పీపీఎంను మార్చి చూడండి (అమ్మోనియా అణుభారం 17): 25 × 17 ÷ 24.45 = సుమారు 17.4 మి.గ్రా./ఘనపు మీటరు. మీ షీట్‌లో 17 అనో 18 అనో ఉంటే మీ లెక్క కుదిరినట్టే.

4. ఏ జంతువో చూడకుండా ముందుకు పోవద్దు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కారణం ఉంది.

మూడేళ్ల కిందట పలమనేరు దగ్గర మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. టమోటాలో కాయతొలిచే పురుగు. అంగట్లో క్లోరాంట్రానిలిప్రోల్ ఇచ్చారట. ‘తమ్ముడా, డబ్బా మీద ఆకుపచ్చ ముద్ర ఉంది. గట్టు అవతల మల్బరీ తోట ఉంది కదా, ఏమన్నా అవుతుందా?’ అని అడిగాడు. నేను షీట్ చూశాను. ఎలుక, నోటి ద్వారా, 5000కు పైనే. ‘దీనికన్నా మెత్తని మందు లేదన్నా, కొట్టుకో’ అన్నాను. ఆ రోజు గాలి మల్బరీ మీదికి ఉంది.

నాలుగు రోజుల తరువాత వెళ్లి ఆ పక్క రైతు పురుగుల షెడ్డులో నిలబడ్డాను. నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచిన పట్టుపురుగులు ఆకు తింటుంటే షెడ్డంతా వాన పడుతున్నట్టు చప్పుడు ఉంటుంది. ఆ రోజు చప్పుడే లేదు. కోసి వేసిన ఆకు వేసినట్టే పచ్చగా ఉంది. దాని మీద పురుగులు మెత్తబడి, తల ఎత్తకుండా పడి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తాకితే వంగిందే గానీ కదల్లేదు. ఆ బ్యాచ్ మొత్తం పోయింది. మా అన్న తన టమోటా డబ్బుల్లోంచి ఆయనకు గుడ్ల ఖర్చు, కూలి ఖర్చు కట్టాడు.

షీట్‌లో తప్పు లేదు. ఆ మందు గొంగళిపురుగుల కండరాల మీద పనిచేసేలా చేసింది. పట్టుపురుగు కూడా గొంగళిపురుగే. ఎలుక గురించి ఉన్న అంకెను నేను పట్టుపురుగు గురించి చదివాను. అప్పటి నుంచి ఎవరు ఫోటో పంపినా నేను ముందు అడిగేది, ‘మీ చేను చుట్టూ ఏమేం బతుకుతున్నాయి?’ అని.

ఏ జంతువు దేనికి బదులుగా నిలబడుతుందో గుర్తుపెట్టుకోండి.

- ఎలుక, చిట్టెలుక: పాలిచ్చే జంతువులకూ మనుషులకూ ప్రాథమిక అంచనా. పక్కన విస్టార్, స్ప్రేగ్-డాలీ అని ఉంటే అవి ఎలుకల జాతుల పేర్లు, కంగారు పడవద్దు.
- కుందేలు: చర్మం, కన్ను, కడుపులో పిండం.
- గినీ పిగ్: చర్మానికి అలర్జీ.
- బీగిల్ కుక్క: నెలల తరబడి మేతలో కలిపి ఇచ్చే పరీక్షలు.
- కౌజుపిట్ట, బాతు: పక్షులు.
- ట్రౌట్, జీబ్రా చేప: 96 గంటల పరీక్ష.
- డాఫ్నియా అనే నీటి ఈగ: 48 గంటలు. పాచి మొక్కలకు 72 గంటలు.
- తేనెటీగ, వానపాము: పొలం మేలు కోసం.

పట్టుపురుగు ఈ జాబితాలో మామూలుగా ఉండదు. కాబట్టి మల్బరీ ఉన్న ఊళ్లలో షీట్ చూసి ఊరుకోకుండా కరపత్రంలో పట్టుపరిశ్రమ గురించి హెచ్చరిక ఉందేమో వెతకండి. లేకపోయినా పట్టుపరిశ్రమ శాఖ వాళ్లను అడగండి.

జాతికీ జాతికీ తేడా ఎంత ఉంటుందో తెలియాలంటే ఈ లెక్క మీరే చేయండి. మామిడి పూతలో తేనెమంచు పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ ఎల్‌డి50 ఎలుకకు సుమారు 450 మి.గ్రా./కిలో. తేనెటీగకు నోటి ద్వారా సుమారు 4 నానోగ్రాములు (నానోగ్రాము అంటే మిల్లీగ్రాములో పది లక్షల వంతు), ఒక్కో ఈగకు. తేనెటీగ బరువు గ్రాములో పదో వంతు. దాన్ని కిలోకు మారిస్తే సుమారు 0.04 మిల్లీగ్రాములు. 450ని 0.04తో భాగించండి. పదివేల రెట్లు దాటింది. మన చిత్తూరు మామిడి పూత కాయ కట్టేది ఈగలూ తేనెటీగలూ వాలితేనే కాబట్టి, పూత విచ్చుకున్నాక ఈ మందు ముట్టకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పశువులున్న వాళ్లకు ఇంకోటి. డైక్లోఫెనాక్ ఆవుకు నొప్పి మందుగా పనిచేసింది. ఆ ఆవు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. పాలిచ్చే జంతువు మీది అంకె పక్షి గురించి ఏమీ చెప్పలేదు.

5. ఏ దారిన లోపలికి వెళ్లింది?

నోటి ద్వారా, చర్మం ద్వారా, పీల్చడం ద్వారా. ఈ మూడూ మనకు పనికొచ్చేవి. పాత షీట్లలో ‘పి.ఓ.’ అని ఉంటే నోటి ద్వారా. ‘గావేజ్’ అంటే గొట్టంతో నేరుగా కడుపులోకి. ‘ఐ.పి.’ అంటే పొట్ట గోడలోంచి సూది, ‘ఐ.వి.’ అంటే రక్తనాళంలోకి, ‘ఎస్.సి.’ అంటే చర్మం కింద. సూది పరీక్షల అంకెలు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. స్ప్రే కొట్టేవాళ్లు వాటిని చూసి భయపడక్కర్లేదు, వాటితో పోల్చనూ కూడదు.

స్ప్రే కొట్టే మనిషికి అసలు దారి చర్మం, ముక్కు. అందరూ నోటి అంకె చూసి వదిలేస్తారు. మీరు చర్మం అంకె చూడండి. ఆ పరీక్షలో మందును ఎలుక లేదా కుందేలు వెంట్రుకలు గీసిన చర్మం మీద 24 గంటలు ఉంచుతారు. మందు తడిసిన చొక్కాతో పొద్దంతా తిరిగే మనిషికి దగ్గరగా ఉండే పరీక్ష అదే.

దేనిలో కలిపి ఇచ్చారన్నదీ ముఖ్యమే. సైపర్‌మెత్రిన్ లాంటి మందులను నూనెలో కలిపి ఇస్తే ఎలుకకు ఎల్‌డి50 సుమారు 250. నీటిలో కలిపి ఇస్తే చాలా రెట్లు ఎక్కువ వస్తుంది. రెండు షీట్లలో రెండు అంకెలుంటే ఒకటి అబద్ధమని తేల్చేయకండి. ‘వాహకం’ అన్న చోట నూనె రాశారా, నీరు రాశారా చూడండి. అన్నట్టు ఇదే సైపర్‌మెత్రిన్ చేపలకు లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాములు చాలు. స్ప్రే ట్యాంకును చెరువులో కడగవద్దనేది అందుకే.

6. ఎంతసేపు, ఎన్నాళ్లు?

అమ్మోనియాకే కొన్ని షీట్లలో 2000 బదులు 7338 పీపీఎం అని ఉంటుంది. అది 1 గంట పరీక్ష. 4 గంటల అంకెతో నేరుగా పోల్చకూడదు. వాయువులకు, ఆవిర్లకు 1 గంట అంకెను 2తోనూ, దుమ్ము, తుంపరలకు 4తోనూ భాగించి 4 గంటల అంచనాకు తెస్తారు.

ఒక్కసారి ఇచ్చే పరీక్ష ఒకటి. 28 రోజులు, 90 రోజులు, రెండేళ్లు వరసగా ఇచ్చేవి వేరు. వీటిలో ఎన్‌ఓఏఈఎల్ అన్న మాట వస్తుంది. అంటే జంతువుకు హాని కనిపించని మోతాదుల్లోకెల్లా పెద్దది. ఎల్‌ఓఏఈఎల్ అంటే హాని కనిపించిన మోతాదుల్లోకెల్లా చిన్నది. వీటి కొలమానంలో ‘రోజుకు’ అని తప్పకుండా ఉంటుంది. లేకపోతే షీట్ సరిగా రాయలేదని అర్థం.

రోజూ తిండిలో వచ్చే అవశేషాల పరిమితి ఈ ఎన్‌ఓఏఈఎల్ నుంచే వస్తుంది. సాధారణంగా దాన్ని 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా కోసం 10, మనిషికీ మనిషికీ తేడా కోసం ఇంకో 10. ఉదాహరణకు ఎన్‌ఓఏఈఎల్ రోజుకు 5 మి.గ్రా./కిలో అనుకుందాం. పరిమితి 0.05 అవుతుంది. 60 కిలోల మనిషికి రోజుకు 3 మిల్లీగ్రాములు.

మేతలో పీపీఎం అని మాత్రమే ఇస్తే మోటు లెక్క: పెద్ద ఎలుకకు మేతలో 20 పీపీఎం అంటే రోజుకు సుమారు 1 మి.గ్రా./కిలో. కుక్కకైతే 40 పీపీఎంకు అదే. అంటే మేతలో 100 పీపీఎం ఎలుకకు 5, కుక్కకు 2.5.

7. చావు ఒక్కటే చూడవద్దు

బ్యాటరీల్లో వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం షీట్ తెరవండి. ఎలుక, నోటి ద్వారా, ఎల్‌డి50: 2140 మి.గ్రా./కిలో. ఈ ఒక్క అంకె చూస్తే ఉప్పుకు పెద్ద దూరంలో లేదనిపిస్తుంది. కానీ అది చర్మాన్ని, కంటిని కాల్చేస్తుంది. ఆ సంగతి 11వ భాగంలోనే కింద, ‘చర్మ క్షయం’, ‘కంటికి తీవ్ర నష్టం’ అన్న లైన్లలో ఉంటుంది. కంటి పరీక్షలో 21 రోజుల్లో తగ్గిందా లేదా అన్నది చూస్తారు. ‘కోలుకోలేదు’ అని ఉంటే రక్షణ కళ్లద్దాలు లేకుండా ఆ డబ్బా మూత కూడా తీయవద్దు.

ఇంకా కిందికి రండి. ‘ఏమ్స్ పరీక్ష’ అంటే బాక్టీరియా మీద చేసేది, జంతువు మీద కాదు. పాజిటివ్ అంటే జన్యువుల్లో మార్పు తెచ్చే గుణం ఉందన్న సూచన. దాన్నే క్యాన్సర్ అని చదవకూడదు. గర్భిణుల విషయానికి పిండం మీది పరీక్షలు రెండు జాతుల్లో ఉన్నాయా చూడండి. కడుపులో పిండాన్ని దెబ్బతీసిన థాలిడోమైడ్ మందు హాని ఎలుకల్లో సరిగా బయటపడలేదు, కుందేళ్లలో బయటపడింది. క్యాన్సర్ విషయంలో ‘మగ ఎలుకల్లో మాత్రమే’ అని ఉంటే ఆ మాట కొట్టేయకుండా రాసుకోండి. చక్కెర బదులు వాడే శాకరిన్ వల్ల మగ ఎలుకల్లో వచ్చిన మూత్రాశయ కణితులకు కారణం మనుషులకు వర్తించదని తేలాక 2000లో అమెరికా దాన్ని క్యాన్సర్ కారకాల జాబితా నుంచి తీసేసింది.

8. డబ్బా మీది రంగుతో సరిచూడండి

మన దేశంలో పురుగుమందు డబ్బా మీద మూలగా నిలబెట్టిన చదరం ఉంటుంది. దాని కింది సగం రంగు నోటి ఎల్‌డి50 ప్రకారం ఇలా ఉంటుంది.

- ఎరుపు: 1 నుంచి 50. పుర్రె, ఎముకల గుర్తు ఉంటుంది.
- పసుపు: 51 నుంచి 500
- నీలం: 501 నుంచి 5000
- ఆకుపచ్చ: 5000కు పైన

చర్మం ద్వారా వచ్చే అంకెకు హద్దులు వేరు. ఎరుపు 200 దాకా, పసుపు 2000 దాకా, నీలం 20,000 దాకా. ఈ రెండు అంకెలను కలిపేయవద్దు.

మన పక్క ‘పచ్చ ముద్ర’ అంటే కొందరికి ఆకుపచ్చ, కొందరికి పసుపుపచ్చ. ఫోన్‌లో చెప్పేటప్పుడు, చెప్పించుకునేటప్పుడు పూర్తిగా ‘ఆకుపచ్చ’ అనో ‘పసుపు’ అనో పలకండి. నడుమ వందల రెట్ల తేడా ఉండవచ్చు.

ఫ్యాక్టరీ షీట్లలో వాడే జీహెచ్ఎస్ (రసాయనాల ప్రమాదాన్ని వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి) తరగతుల హద్దులు వేరు: 5, 50, 300, 2000, 5000. అక్కడ 1వ తరగతి అన్నిటికన్నా ఘాటు. ఎల్‌డి50 400 ఉన్న మందు మన లేబుల్‌లో పసుపు, ‘విషం’. జీహెచ్ఎస్‌లో 4వ తరగతి, ‘హానికరం’. రెండూ సరైనవే, గీతలు వేరేచోట గీశారు.

రంగు చెప్పేది ఎలుక చావు గురించి మాత్రమే. పారాక్వాట్ అనే కలుపుమందు పసుపు ముద్రతోనే వచ్చేది, దానికి విరుగుడు మందే లేదు. ముద్ర ఎరుపు కాదు కదా అని ఆ డబ్బాను ఇంట్లో, పిల్లలకు అందేచోట పెట్టవద్దు.

9. ఖాళీ మాటలను ఖాళీగానే చదవండి

‘సమాచారం లేదు’ అంటే ప్రమాదం లేదని కాదు. పరీక్ష చేయలేదు లేదా వాళ్ల దగ్గర లేదు. ‘వర్గీకరించలేదు’ అంటే ఆ హద్దులోకి రాలేదనీ కావచ్చు, సమాచారమే లేదనీ కావచ్చు. పక్కన ‘ఉన్న సమాచారం ప్రకారం ప్రమాణాలకు తగలేదు’ అని ఉంటే కాస్త నమ్మవచ్చు. ‘రీడ్-అక్రాస్’ అంటే దగ్గరి చుట్టం లాంటి ఇంకో రసాయనం ఫలితాన్ని దీనికి వాడుకున్నారని. చుట్టం పేరు రాశారా చూడండి.

కల్తీ, మలినాల సంగతి అంకెలో ఉండకపోవచ్చు. మామిడి మాగబెట్టడానికి కార్బైడ్ వాడటాన్ని మన దేశంలో నిషేధించారు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండటం దానికి ఒక పెద్ద కారణం. శుద్ధమైన కార్బైడ్ షీట్‌లో ఈ భయం కనిపించదు.

ఒక్క పని ఎప్పుడూ చేయవద్దు

ఎలుక అంకెను మనిషి బరువుతో గుణించి ‘మనిషికి ఇంత దాకా ఏం కాదు’ అని తేల్చడం. విద్యార్థులు కూడా ప్రాజెక్టుల్లో రాస్తున్నారు. ఎల్‌డి50 దాకా వెళ్లకముందే జంతువులు జబ్బు పడతాయి, వణుకుతాయి, చావని సగంలో కూడా కొన్ని ఎప్పటికీ కోలుకోవు. గినీ పిగ్‌ను కిలోకు ఒకటి రెండు మైక్రోగ్రాముల్లో చంపే డయాక్సిన్ అనే విషం, హామ్‌స్టర్‌ను చంపడానికి వెయ్యికి పైగా మైక్రోగ్రాములు కావాలి. రెండూ ఎలుక లాంటి చిన్న జంతువులే. ఇక మనిషికి ఎంతో ఆ గుణకారం ఎలా చెబుతుంది?

మీరు సరిగ్గా చదివారా? ఇలా చూసుకోండి

ముందు ఆ లైనును మీ మాటల్లో తెలుగు వాక్యంగా రాయండి. ‘ఈ మందును ఎలుకలకు ఒకసారి నోటి ద్వారా, కిలో బరువుకు 450 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే దాదాపు సగం చనిపోతాయి.’ వాక్యం పూర్తికాకుండా ఎక్కడ ఆగిపోతే ఆ గడి ఖాళీగా ఉన్నట్టు.

తరువాత ఆ అంకె 2వ భాగంలోని తరగతికి, డబ్బా రంగుకు కుదురుతోందా చూడండి. అంకె 30 ఉండి ముద్ర నీలమైతే చాలావరకు మీరు శుద్ధమైన పదార్థం అంకె చూస్తున్నారు, ముద్ర పలచన చేసిన మందుది. 3వ భాగంలో శాతం చూసి లెక్క వేయండి: 30ని 5 శాతంతో భాగిస్తే, అంటే 0.05తో, 600 వస్తుంది. నీలం కుదిరింది.

రెండో కంపెనీ షీట్‌తో పోల్చండి. రెట్టింపు తేడా మామూలే. పది రెట్లు తేడా ఉంటే జంతువు, దారి, వాహకం, శాతం మళ్లీ చూడండి. సరిగ్గా వెయ్యి రెట్లుంటే కొలమానం తప్పు చదివారు.

ఆఖరుగా షీట్ మీద సవరించిన తేదీ చూడండి. నాకొచ్చే ఫోటోల్లో పదిహేనేళ్ల నాటివి కూడా ఉంటున్నాయి. డీలర్‌ను కొత్తది అడగండి, ఇవ్వకపోతే తయారీదారు నంబరు 1వ భాగంలో ఉంటుంది. కొత్తది దొరికాక నాకు ఫోటో పంపేటట్టయితే 3, 8, 11, 12 భాగాలు నాలుగూ పంపండి. వాటితో పాటు మీ చేను నాలుగు పక్కలా ఏముందో, మల్బరీయా, చెరువా, తేనె పెట్టెలా, ఒక లైను రాయండి.